మెడకు జారుముడి వేయకండి: హాల్టర్లు, పలుపుల గురించి అపోహలు - వాస్తవాలు

బక్రీద్, బోనాలు దగ్గర పడితే హైదరాబాద్‌లో పశువైద్యులకు ఒకే రకం ఫోన్లు వస్తాయి: "డాక్టరు గారూ, మేక తాడుకు వేలాడుతోంది!" వెళ్లి చూస్తే మెడకు జారుముడి.

అపోహ: జారుముడి వేస్తే మేక లాగదు, బిగుసుకోగానే తనే ఆగుతుంది.

ఆగదు. బెదిరిన జంతువు మెడ పట్టేసేకొద్దీ ఇంకా గింజుకుంటుంది, ఉచ్చు ఇంకా బిగుస్తుంది, శ్వాసనాళం నొక్కుకుపోతుంది. పైగా నగరంలో కట్టేది మేడ మీద. పిట్టగోడ ఎక్కడం మేకకు ఆట. అవతలికి దూకిందంటే దాని బరువే దానికి ఉరి.

మెడకు వేయాల్సింది జారని ఉచ్చు, బౌలైన్ అంటారు. తాడులో చిన్న చుట్టు చేసి, కొసను కింది నుంచి అందులోకి తెచ్చి, పొడుగు తాడు వెనకగా తిప్పి, మళ్లీ అదే చుట్టులోకి దించి బిగించండి. రెండు వేళ్లు సులువుగా దూరాలి, తల మాత్రం జారిపోకూడదు. నైలాన్ తాడు నున్నగా ఉంటుంది కాబట్టి కొసతో మరో ముడి వేయండి. గుంజ వైపు మాత్రం ఒక్క లాగుతో ఊడే ముడి ఉండాలి. పిట్టగోడ, మెట్లు మేకకు అందకూడదు.

ఉప్పల్ వైపు ఒక ఇంట్లో పిల్లవాడు పెంచుకుంటున్న మేకపోతు మెట్ల కమ్మీకి ఇలాగే వేలాడింది. అందరూ ముడి విప్పడానికి తంటాలు పడుతుంటే, వాళ్ల నాయనమ్మ మాత్రం దాన్ని రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నారు. నేను వెళ్లేసరికి అది నిలబడి ఉంది. ఆవిడ చేసిందే వైద్యం. ముందు బరువు ఎత్తాలి, తర్వాత తాడు కోయాలి. కంగారుపడి ఫోన్ చేసేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను. జారుముడే మంచిదని వీడియోల్లో చెప్పేవారి మీదే నా కోపం.

ముకుతాడు లేనిదే గేదె మాట వినదన్నదీ నిజం కాదు. దూడప్పటి నుంచి హాల్టర్, అంటే తల, ముక్కు చుట్టూ వేసే తాడు లేదా పట్టీ, అలవాటు చేస్తే చాలు. అయితే దూడ పెరుగుతుంది, తాడు పెరగదు. వదులు చేయక చర్మంలోకి దిగి, పుండై పురుగులు పట్టిన మెడలు ఎన్నో చూశాను. రోజంతా మరీ పొట్టి తాడుతో కట్టేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం కూడా.

హాల్టర్, కళ్ళెం ఒకటే అనుకుంటారు. హాల్టర్‌కు నోటి కడ్డీ ఉండదు. గుర్రాన్ని నడిపించడానికీ కట్టడానికీ హాల్టరే వాడాలి. కళ్ళెంతో కట్టేస్తే, బెదిరి లాగినప్పుడు నోరు కోసుకుపోతుంది. హాల్టర్ అయినా దాని ముక్కుపట్టీ కిందికి, ముక్కు రంధ్రాల మీదికి జారితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే గుర్రం నోటితో ఊపిరి తీయలేదు. పెళ్లి బారాత్ గుర్రాల వాళ్లకు ఇది పదేపదే చెబుతుంటాను.

ఇక బట్టల సంగతి. హాల్టర్ నెక్ (మెడ వెనక పట్టీతో నిలిచే బ్లౌజు) సన్నగా ఉన్నవాళ్లకే నప్పుతుందని మా చెల్లెలి కుట్టు దుకాణానికి వచ్చేవాళ్లు అనుకుంటారట. అసలు చూడాల్సింది బరువు. జర్దోసీ పని నిండిన బ్లౌజును సన్నని తాడుతో మెడకు వేలాడదీస్తే ముహూర్తం వేళకే మెడ లాగేస్తుంది. మెడ పట్టీ వెడల్పుగా పెట్టించుకోండి, బరువును కింది పట్టీ మోసేలా బిగువుగా కుట్టించుకోండి.