ఇంజెక్టర్ వేడెక్కిందా? ముందు కేబుల్ రెండో కొస చూడండి

"ఇంజెక్టర్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం, ఇంకొకటి పంపండి." వైర్‌లెస్ రేడియోలు బిగించి బాగుచేసే పనిలో ఉన్న నాకు ఈ ఫోను రాని వారం లేదు. రేడియో అంటే ఇక్కడ మేడమీద పెట్టి నెట్‌ను గాలిలో అందుకునే పరికరం; ఇంజెక్టర్ అంటే కింద గదిలో ఉండి, నెట్ కేబుల్ ద్వారానే దానికి కరెంటు పంపే అడాప్టర్ పెట్టె. పంపితే కొన్నాళ్ళకే మళ్ళీ అదే ఫోను. మూడో ఇంజెక్టర్ కూడా పోయాక, తప్పు రేడియోదే అని తేల్చి దాన్నీ మార్చేస్తారు. కొత్త రేడియోను తెచ్చి ఆ పాత కేబుల్‌కే తగిలిస్తారు. మళ్ళీ ఫోను. ఈ వరసలో పోయే డబ్బు, నిద్ర చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: ఏది వేడెక్కితే అదే చెడిపోయింది.

మా పనిలో ఇంతగా నష్టపెట్టే నమ్మకం ఇంకొకటి లేదు. పీవోఈలో, అంటే ఇలా నెట్ కేబుల్ మీదే కరెంటు పంపే పద్ధతిలో, తరచు లోపం ఒక కొసన ఉంటుంది, వేడి రెండో కొసన కనబడుతుంది. మేడమీద స్తంభానికి ఉన్న ప్లగ్గులో తుప్పు పడితే కింద గదిలోని ఇంజెక్టర్ కాగుతుంది. మన చేతికి అందేది ఇంజెక్టరే కాబట్టి నేరం దాని మీద పడుతుంది.

ఎందుకిలా అవుతుందో చెబుతాను. రేడియో లోపల వోల్టేజిని తగ్గించే సర్క్యూట్ ఒకటి ఉంటుంది. దానికి కావలసినవి వాట్లు. అందే వోల్టేజి తగ్గితే అది ఊరుకోదు, అదే పని జరగడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పెరిగితే తీగలో వోల్టేజి ఇంకా పడిపోతుంది. పడిపోయినకొద్దీ ఇంకా లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కరెంటులో చిన్న పెరుగుదల కూడా వేడిలో పెద్దదే.

లెక్క వేసి చూడండి. 24 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ (అవతల ఏముందో చూడకుండా వోల్టేజి ఇచ్చేసేది), దాని సామర్థ్యం 0.5 ఆంపియర్లు. రద్దీ వేళ 9.5 వాట్లు తినే రేడియో. మధ్యలో 60 మీటర్ల అసలు రాగి కేబుల్, 24 గేజి మందానిది. ఒక్కో తీగకు సుమారు 5 ఓములు. పోవడానికి రెండు తీగలు, రావడానికి రెండు తీగలు జతగా పనిచేస్తాయి కాబట్టి రానుపోను మొత్తం కూడా సుమారు 5 ఓములే. ఇంజెక్టర్ ఇచ్చేది 0.44 ఆంపియర్లు, రేడియోకు చేరేది దాదాపు 22 వోల్టులు. అంతా సవ్యంగా ఉంది.

ఇప్పుడు అదే పొడవు సీసీఏ కేబుల్ వేశారనుకోండి, అంటే అల్యూమినియం తీగకు పైన రాగిపూత. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు పైనే. దానికి తోడు పైన ప్లగ్గులో నాలుగో పిన్ను తుప్పు పట్టి తెగింది. కరెంటు పోయేది 4, 5 తీగల మీద, తిరిగి వచ్చేది 7, 8 మీద. ఇప్పుడు పోయే కరెంటంతా ఐదో తీగ ఒక్కటే మోయాలి. మొత్తం నిరోధం 12 ఓముల దగ్గరికి వెళుతుంది. రేడియోకు 18 వోల్టులు కూడా చేరవు, ఇంజెక్టర్ నుంచి లాగే కరెంటు 0.54 ఆంపియర్లకు పెరుగుతుంది. ఇంజెక్టర్ హద్దు దాటింది. అది కాగుతుంది, కొంతకాలానికి పోతుంది. మీరు కొత్తది పెడతారు, దానికీ అదే గతి. ఇక వచ్చే వైపు 7, 8 తీగల్లో కూడా ఒకటి తెగితే ఆ కేబుల్ మీద 9.5 వాట్లు అందించడం అసాధ్యం. రేడియో రద్దీ వేళల్లో ఆగి ఆగి మొదలవుతూ ఉంటుంది.

అందరినీ మోసగించే చోటు ఒకటుంది. 100 మెగాబిట్ల రేడియోల్లో డేటా 1, 2, 3, 6 తీగల మీద నడుస్తుంది. పాసివ్ పీవోఈ 4, 5, 7, 8 మీద నడుస్తుంది. కాబట్టి నాలుగో తీగ తెగినా లింకు దీపం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, పింగ్‌కు (రేడియో పలుకుతోందా అని చూసే పరీక్షకు) జవాబు వస్తూనే ఉంటుంది. "కేబుల్ బాగానే ఉంది, దీపం వెలుగుతోంది కదా" అంటారు. డేటా తీగలు బాగున్నాయని మాత్రమే ఆ దీపం చెబుతుంది. గిగాబిట్ రేడియో అయితే ఎనిమిది తీగలూ కావాలి కాబట్టి 4, 5, 7, 8లో ఒకటి తెగినప్పుడు లింకు సాధారణంగా 100కు పడిపోతుంది. వేగం హఠాత్తుగా 100కు దిగిందని ఎవరైనా చెబితే నేను ముందు ఆ ప్లగ్గు కోసి పారేయమంటాను.

ఒక ఆఫీసులో ఇదే జరిగింది. మూడు ఇంజెక్టర్లు, ఒక రేడియో మార్చేశారు. అక్కడి నిర్వాహకురాలు రోజూ సాయంత్రం తాళం వేసే ముందు ఇంజెక్టర్ ప్లగ్గు పీకి వెళ్ళేవారు, రాత్రి నిప్పంటుకుంటుందేమో అని. తెల్లవారి ఆమె వచ్చేదాకా వాళ్ళకు నెట్ ఉండేది కాదు. "నాకు దీని సంగతేమీ తెలియదండి, అందరూ వెళ్ళిపోయాక వాసన వస్తే ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ భయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, వచ్చిన వాళ్ళెవరూ పైకి ఎక్కి చూడకపోవడమే తప్పు. నేను ఎక్కి చూస్తే ప్లగ్గు అడుగు గోధుమరంగుకు తిరిగి, ప్లాస్టిక్ మెత్తబడి సాకెట్‌కు అంటుకుపోయి ఉంది. నాలుగు, ఐదు పిన్నుల మీద పచ్చని చిలుము. తడి, డీసీ వోల్టేజి కలిసినచోట తుప్పు ధన ధ్రువం వైపు ముందు తింటుంది. ఈ పద్ధతిలో ధన ధ్రువం నాలుగు, ఐదు పిన్నులే. కేబుల్‌ను రేడియోలోకి పోయే ముందు కిందికి ఉచ్చులా వంచకుండా నేరుగా దించారు, వాననీరు తీగ వెంట జారి ప్లగ్గులోకి దిగింది. పాడైన కొస కోసి, కొత్త ప్లగ్గు క్రింప్ చేసి, కింద ఉచ్చు వదిలి, సీలు వేశాను. ఆమె భయపడిన ఆ మూడో ఇంజెక్టర్‌నే మళ్ళీ పెట్టాను. గోరువెచ్చగా ఉండిపోయింది.

కాబట్టి ఏదైనా కొనేముందు రెండు పరీక్షలు చేయండి. ఇంజెక్టర్ నుంచి రేడియోకు వెళ్ళే కేబుల్ పీకేసి, ఇంజెక్టర్‌ను ఒక గంటసేపు ఉత్తినే కరెంటులో ఉంచండి. ఏ భారమూ లేకపోయినా కాగుతోందా, అప్పుడు అది నిజంగా చెడిపోయింది, మార్చండి. చల్లబడిందా, రేడియోను కిందికి దించి మీటరు పొడవున్న మంచి కేబుల్‌తో అదే ఇంజెక్టర్‌కు కలిపి నడపండి. ఇప్పుడు వేడి తగ్గితే దోషి పాత కేబుల్ లేదా దాని ప్లగ్గులు. చాలా రేడియోలు తమకు అందుతున్న వోల్టేజిని, లోపలి ఉష్ణోగ్రతను తమ పేజీలోనే చూపిస్తాయి, అది ముందే చూడండి. మల్టీమీటరుతో కొలిచేవారు రేడియో నడుస్తుండగానే కొలవాలి. భారం లేనప్పుడు తుప్పు పట్టిన తీగ కూడా నిండుగా 24 వోల్టులు చూపిస్తుంది. ఆ అంకె చూసి మోసపోయినవాళ్ళలో అనుభవజ్ఞులూ ఉన్నారు.

సీసీఏని పట్టడం కష్టం కాదు. తీగను బ్లేడుతో గీకండి. రాగి అయితే లోపలిదాకా ఎర్రగానే ఉంటుంది, సీసీఏ అయితే తెల్లగా బయటపడుతుంది. కేటగిరీ కేబుల్‌కు (క్యాట్ 5ఈ, క్యాట్ 6 లాంటివి) అసలు రాగి తీగే ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. పెట్టె మీద ఏ అంకె ముద్రించినా సీసీఏ ఆ ప్రమాణానికి చెందదు.

అపోహ: ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెడితే రేడియోలోకి ఎక్కువ కరెంటు దూరి కాలిపోతుంది.

ఇది విన్నప్పుడల్లా నాకు ఓపిక పోతుంది, ఎందుకంటే దీన్ని నమ్మినవాళ్ళు కావాలని చిన్న అడాప్టర్ కొని, దాన్ని హద్దు మీద నడిపి, కాల్చుకుంటారు. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు అది ఇవ్వగల గరిష్ఠం. రేడియో తనకు కావలసినంతే లాగుతుంది. 0.5 ఆంపియర్ల స్థానంలో అదే వోల్టేజి ఉన్న 1 ఆంపియర్‌ది పెడితే రేడియోకు తేడా ఉండదు, అడాప్టర్ చల్లగా ఉంటుంది. రేడియోను చంపేది వోల్టేజి. 24 వోల్టుల రేడియోకు 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ తగిలిస్తే క్షణంలో పోవచ్చు, ఎందుకంటే పాసివ్ ఇంజెక్టర్ అవతల ఏముందో అడగదు, వోల్టేజి ఇచ్చేస్తుంది. రెండూ తీసుకోగల రేడియో అయితే 48 వాడండి. పై లెక్కలోని రాగి కేబుల్‌లో తీగల వేడి దాదాపు ఒక వాటు నుంచి 0.2 వాటుకు దిగుతుంది.

అపోహ: పోర్టుకు 30 వాట్లు ఇచ్చే పీవోఈ స్విచ్ (ఒకేసారి చాలా కేబుళ్ళకు నెట్, కరెంటు ఇచ్చే పెట్టె) చిన్న రేడియోను వేడెక్కిస్తుంది.

లేదు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్, 2009లో వచ్చిన 802.3ఏటీ, 2018లో వచ్చిన 802.3బీటీ అనే మూడు పీవోఈ ప్రమాణాల్లో దేన్ని పాటించే స్విచ్‌లైనా ముందు చిన్న వోల్టేజితో తడిమి చూస్తాయి. అవతల సుమారు 25 కిలో ఓముల గుర్తు కనబడితేనే అసలు వోల్టేజి ఇస్తాయి. 13 వాట్లు చాలిన రేడియో 30 వాట్ల పోర్టులో కూడా తనకు అవసరమైనంతే లాగుతుంది. స్విచ్ ఒంటికి వేడి రావడం వేరే సంగతి: అన్ని పోర్టులూ నిండుగా పనిచేస్తుంటే వేడి వస్తుంది, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

అపోహ: ఎండ వల్లే రేడియో ఆగిపోతోంది.

ఎప్పుడు ఆగుతోందో రాసిపెట్టుకోండి. మధ్యాహ్నం ఎండ మండుతున్నప్పుడైతే ఎండను అనుమానించవచ్చు. పొద్దుగుంకాక, అందరూ నెట్ వాడే వేళకు ఆగుతోందంటే ముందు విద్యుత్తు చాలకపోవడాన్నే అనుమానించండి. రేడియో ఎక్కువ ప్రసారం చేసే వేళ ఎక్కువ వాట్లు తింటుంది.

అపోహ: ఫ్యాను పెడితే సరిపోతుంది.

ఫ్యాను ఇంజెక్టర్ పెట్టెను చల్లబరుస్తుంది. పైన ప్లగ్గులో కాలుతున్న పిన్ను దానికి అందదు. ఇంజెక్టర్‌ను సీలింగ్ పైన దూది మధ్యలోనో, మూసిన పెట్టెలోనో పెట్టకుండా గాలి ఆడేచోట ఉంచితే చాలు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సుమారు సగమవుతుంది.

వేడిగా ఉందని భయపడేవారికి ఒక మాట. గంటల తరబడి పనిచేసే ఇంజెక్టర్ వెచ్చగా ఉండడం సహజం. 85 శాతం సామర్థ్యంతో 24 వాట్లు ఇచ్చే అడాప్టర్ నాలుగు వాట్లకు పైగా వేడి వదులుతుంది, ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టె ద్వారానే అది బయటికి పోవాలి. చేతితో ముట్టుకుని నిర్ణయించకండి. ఇన్ఫ్రారెడ్ థర్మామీటరుతో నల్లని ప్లాస్టిక్ మీద కొలవండి, మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. కానీ కాలిన వాసన, పెట్టె ఉబ్బడం, ప్లగ్గు రంగు మారడం లేదా మెత్తబడడం, లోపలి నుంచి చిటపట శబ్దం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా రేపటి దాకా ఆగవద్దు. ముందు గోడ సాకెట్‌లో ఇంజెక్టర్‌ను ఆపండి, ఆ తరువాతే రేడియో ప్లగ్గు తీయండి. కరెంటు ప్రవహిస్తుండగా ప్లగ్గు లాగితే నిప్పురవ్వ పుట్టి పిన్ను మీద బంగారు పూత కొద్దిగా కాలుతుంది, పదేపదే అలా చేస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే.