పూట తప్పించే హైస్కూలు పిల్లలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: "పొద్దున తినకపోతేనేం, సాయంత్రం రెండింతలు లాగిస్తాడు. లెక్క సరిపోతుంది."

సరిపోయేది కేలరీల లెక్క ఒక్కటే. మానేసిన పూటలో అందాల్సిన కాల్షియం, ఐరన్, ప్రోటీన్, పీచు చాలామందికి ఆ రోజుకి పోయినట్టే. నకనకలాడుతూ ఇల్లు చేరిన పిల్లలు వండేదాకా ఆగరు, చేతికందింది తింటారు. అది ఎక్కువసార్లు చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకే అవుతుంది. 330 మిల్లీలీటర్ల కోలా టిన్నులో దాదాపు 35 గ్రాముల చక్కెర, అంటే తొమ్మిది టీస్పూన్ల దాకా ఉంటుంది. దాంతో రాత్రి భోజనం వెనక్కి జరుగుతుంది, పొద్దున ఆకలి మళ్లీ ఉండదు.

కాల్షియం సంగతే చూడండి. 9 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 1,300 మిల్లీగ్రాములు కావాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. 250 మిల్లీలీటర్ల పాలలో ఉండేది సుమారు 300. రోజంతా తాగేది పొద్దుటి గ్లాసు పాలే అయితే, అది మానిన రోజు దాదాపు పావు వంతు పోయినట్టే. పెద్దయ్యాక ఉండే ఎముక సాంద్రతలో సగం దాకా ఈ వయసులోనే చేరుతుంది కాబట్టి ఈ లోటును తర్వాత పూడ్చుకోవడం కష్టం.

అపోహ: "పొద్దున ఆకలి లేదనడం వట్టి సాకు."

సాకు కాదు, చాలామందికి నిజంగానే ఆకలి ఉండదు. యుక్తవయసులో ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా పడుతుంది. 13–18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి ఏదో తిని పడుకుని, తెల్లారకుండానే లేచిన పిల్లల ముందు నిండు పళ్లెం పెడితే వికారమే మిగులుతుంది. బలవంతం చేసిన ఇళ్లలో గొడవ పెరుగుతుందే తప్ప తిండి పెరగదు.

సరిచేయాల్సింది రాత్రి నుంచి. భోజనాన్ని వారానికి పావుగంట చొప్పున త్వరగా పెడుతూ రండి, దాని తర్వాత చిరుతిండి ఆపండి. పొద్దున లేవగానే నీళ్లు తాగించి, 20–30 నిమిషాలు ఆగి కొంచెమే పెట్టండి: ఓ గ్లాసు పాలు, ఒక పండు. మిగతాది మొదటి విరామంలో తినేలా చిన్న డబ్బాలో కట్టివ్వండి. రెండు మూడు వారాల్లో పొద్దుటి ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. పరీక్షల వారంలో మాత్రం ఈ మార్పు మొదలుపెట్టకండి, నిలవదు.

అపోహ: "తిండి మానితే కడుపులో పుండ్లు పడతాయి."

పుండ్లకు ముఖ్య కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, కొన్ని నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియాను గుర్తించినందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఖాళీ కడుపుతో మంట రావచ్చు, అంతమాత్రాన పుండు పడ్డట్టు కాదు. అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట: తినక తలనొప్పి వస్తే, ఆ ఖాళీ కడుపు మీదే ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర మింగే అలవాటు.

అపోహ: "టిఫిన్ మానితే సన్నబడతారు." దీనికి పోటీగా: "మానితే లావవుతారు."

రెండూ రుజువు కాలేదు. పొద్దుటి తిండి మానే పిల్లల్లో బరువు ఎక్కువగా కనిపిస్తుందని చాలా పరిశీలనలు చెప్పాయి గానీ, అందుకు మానడమే కారణమని తేలలేదు. పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో టిఫిన్ మొదలుపెట్టినంత మాత్రాన బరువు తగ్గలేదు. అందుకే బరువు చూపించి పిల్లల్ని భయపెట్టొద్దు, ఈ వయసులో అది తిరగబడుతుంది. పెద్దల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) హద్దులైన 18.5, 25 వీళ్లకు వర్తించవు. వయసు, ఆడా మగా తేడాను బట్టి ఎదుగుదల చార్టులో చూడాలి.

సన్నబడాలనే పూటలు మానుతూ, నలుగురిలో తినడానికి తప్పించుకుంటుంటే, తిన్న వెంటనే బాత్‌రూమ్‌కి వెళ్తుంటే, బరువు తగ్గిపోతుంటే, మూడు నెలలుగా నెలసరి రాకపోతే, కళ్లు తిరిగి పడిపోతే అది అలవాటు దాటిన సంగతి. వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: "మొహం పాలిపోలేదు, రక్తం బాగానే ఉంది."

హిమోగ్లోబిన్ తగ్గకముందే ఐరన్ నిల్వలు అడుగంటుతాయి. అందుకే అవసరమైతే డాక్టర్లు ఆ నిల్వలు చూపే ఫెర్రిటిన్ పరీక్ష కూడా రాస్తారు. 12–14 ఏళ్ల ఆడా మగా పిల్లలిద్దరికీ, ఆపై ఆడపిల్లలకు డెసిలీటరుకు 12 గ్రాముల లోపు, 15 దాటిన మగపిల్లలకు 13 లోపు హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనత. అమెరికా ప్రమాణాల ప్రకారం 14–18 ఏళ్లలో అమ్మాయిలకు రోజుకు 15, అబ్బాయిలకు 11 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. పప్పులు, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి తక్కువగా పడుతుంది. వాటితో నిమ్మరసమో, విటమిన్ సి ఉన్న పండో ఉంటే బాగా పడుతుంది. అన్నంతో పాటు టీ తాగితే అదీ సరిగా పడదు, కనీసం గంట ఎడం ఉంచండి. పరీక్ష చేయించకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టొద్దు.

అపోహ: "తినడానికి టైం లేకపోతే ఎనర్జీ డ్రింక్ చాలు."

250 మిల్లీలీటర్ల డబ్బాలో సాధారణంగా 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాట. 40 కిలోల పిల్లకు డబ్బా ఒకటిన్నరతోనే ఆ హద్దు వచ్చేస్తుంది. సాయంత్రం తాగితే నిద్ర పాడవుతుంది, మర్నాటి పొద్దుటి ఆకలీ దానితోనే పోతుంది.

అపోహ: "బాక్సు ఖాళీగా వచ్చింది, తినేసినట్టే."

పారబోసి ఉండొచ్చు, పంచేసి ఉండొచ్చు. నిలదీయకుండా అడిగితే కారణాలు బయటికొస్తాయి: విరామం చాలలేదు, మూత రాలేదు, చేతులు కడుక్కునే చోటు లేదు, చల్లారి గట్టిపడింది, పక్కవాళ్లు నవ్వారు. టాయిలెట్ బాగాలేదని నీళ్లు కూడా తాగని ఆడపిల్లలున్నారు. వీటిలో సగం బడివాళ్లతో మాట్లాడితే తీరేవే. ఇంట్లో చేయగలిగింది పది నిమిషాల్లో, స్పూనుతో తినగలిగేది పెట్టడం. ప్రోటీన్ కోసం ఉడికించిన గుడ్డు (సుమారు 6 గ్రాములు) గానీ, కప్పు ఉడికిన పప్పు (దాదాపు 18 గ్రాములు) గానీ అందులో ఉండాలి. 50 కిలోల విద్యార్థికి రోజుకు కావాల్సింది 43 గ్రాముల దాకా.