సత్రశాల మడుగు నుంచి మన్యం కొండల దాకా

మన్యంలో పంప్డ్ స్టోరేజీ ప్లాంట్ల గొడవ మళ్లీ రాజుకుంది. కరెంటు మిగిలినప్పుడు నీళ్లను పైకి తోడి పెట్టుకుని, కావలసినప్పుడు కిందికి దింపి కరెంటు తీసే ప్లాంట్లివి. కొండ మీది ఊళ్లవాళ్లు సర్వేలు ఆపమంటున్నారు. ఎండ కరెంటు దాచుకోవాలంటే ఇంతకు మించిన దారి లేదని విజయవాడలో కూర్చున్నవాళ్లు అంటున్నారు. సాగర్ ఎలా కట్టారో, శ్రీశైలం ఎవరి కలో అందరికీ తెలిసిన కథలే, వాటి జోలికి పోను. ఈ ప్లాంట్లు నదిని వదిలేసి కొండలెందుకు ఎక్కాయో తెలియాలంటే ముందు పల్నాడులో ఒక చోటు చూడాలి.

రెంటచింతల అంటే మనకు వేసవి వార్తల్లో ఎండ లెక్కతో పాటు వినపడే పేరు. ఆ మండలంలోనే, కృష్ణ ఒడ్డున మల్లేశ్వరస్వామి గుడి ఉన్న చోటు సత్రశాల. సాగర్ డ్యాంకు దిగువన 20 కిలోమీటర్లు దాటాక నదికి అడ్డంగా ఇంకో ఆనకట్ట కనపడుతుంది. టెయిల్‌పాండ్ అంటారు, అంటే పైన టర్బైన్లు వదిలిన నీళ్లు నిలిచే మడుగు. 25 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి గానీ, అసలు దాన్ని తలపెట్టింది ఆ 50 మెగావాట్ల కోసం కాదు.

సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. ఒకటి 110 మెగావాట్ల మామూలు యూనిట్. మిగతా ఏడూ 100.8 మెగావాట్లవి, రెండు వైపులా తిరుగుతాయి. ఒక వైపు తిరిగితే కరెంటు ఇస్తాయి. రెండో వైపు తిప్పితే కిందికి పోయిన నీళ్లను మళ్లీ జలాశయంలోకి తోడతాయి. 1978 నుంచి 1985 దాకా ఒక్కొక్కటిగా వచ్చాయి. అప్పటికి సోలార్ ఊసే లేదు. ఇబ్రహీంపట్నం లాంటి బొగ్గు కేంద్రాలను రాత్రి పూట ఆపి, తెల్లారి మళ్లీ వెలిగించడం కుదరదు. అందుకని ఆ వేళ మిగిలే కరెంటుతో నీళ్లు తోడి, వాడకం పెరిగినప్పుడు దింపుకోవాలనుకున్నారు. 100 యూనిట్ల కరెంటు ఖర్చు పెడితే తిరిగొచ్చేది 75, 80. అక్కర్లేని వేళ కరెంటును అక్కరకొచ్చే వేళకు చేర్చినందుకు పోయే కిరాయి అది. ఇప్పుడు బొగ్గు బదులు ఎండ, అర్ధరాత్రి బదులు మిట్టమధ్యాహ్నం. లెక్క మాత్రం అదే.

కానీ తోడాలంటే కింద నీళ్లు నిలవాలిగా! ఆ నీళ్లు నిలపాల్సిన టెయిల్‌పాండే దశాబ్దాల తరబడి నానింది. మోటారు బిగించి బావి తవ్వకుండా వదిలేసినట్టయింది. తీరా అది పూర్తయ్యేసరికి రాష్ట్రం రెండు ముక్కలైంది.

నా లెక్కలో ఇవాళ్టి గొడవకు మూలం ఇక్కడుంది. 2014లో విద్యుత్ కేంద్రాలను ఏ గడ్డ మీదున్నవి ఆ రాష్ట్రానికే అని పంచారు. నల్గొండ వైపున్న సాగర్ ప్రధాన కేంద్రం తెలంగాణకు పోయింది. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో ఉన్న 900 మెగావాట్ల కేంద్రం కూడా తోడగలిగేదే, అదీ అటే. విడిపోయిన నాడు ఆంధ్రప్రదేశ్ చేతిలో నీళ్లు పైకి తోడే టర్బైన్ ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది సత్రశాల మడుగు. అంటే యంత్రం ఒకరిది, దానికి నీళ్లు అందించే మడుగు ఇంకొకరిది. పులిచింతలలోనూ ఇదే వరస: డ్యాం మనది, 120 మెగావాట్ల పవర్‌హౌస్ వాళ్లది.

దీని ఫలితం 2021 జూలైలో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడ్డవాళ్లు కళ్లారా చూశారు. పైన శ్రీశైలం, సాగర్, పులిచింతల మూడు చోట్లా తెలంగాణ టర్బైన్లు తిరుగుతున్నాయి. కింద డెల్టాలో నాట్లు ఇంకా పడలేదు. బ్యారేజీలో పట్టేదే 3 టీఎంసీల చిల్లర. వచ్చిన నీళ్లను వచ్చినట్టే గేట్లెత్తి సముద్రంలోకి వదిలారు. ఆగస్టులో మడికి కావలసిన నీళ్లు జూలైలోనే హంసలదీవి దారి పట్టాయని రైతులు బాధపడితే, అందులో కాదనడానికేమీ లేదు. శ్రీశైలం మొదట జలవిద్యుత్ ప్రాజెక్టుగానే మంజూరైందని, ఎత్తిపోతలకు కరెంటు కావాలని తెలంగాణ చెప్పింది. డ్యాముల దగ్గర రెండు వైపులా పోలీసులు మోహరించారు. ఆ నెల 15న కేంద్రం గెజిట్ ఇచ్చి కృష్ణా, గోదావరి నదీ యాజమాన్య బోర్డుల పరిధి తేల్చింది. అయినా 2023 నవంబర్ 30న, తెలంగాణలో పోలింగ్ రోజున, ఆంధ్ర పోలీసులు సాగర్ 26 గేట్లలో 13 స్వాధీనం చేసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు.

ఇలాంటి పేచీల మధ్య కృష్ణ మీద కొత్త ప్లాంటు మాట ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది? 2022 డిసెంబర్‌లో రాష్ట్రం పంప్డ్ స్టోరేజీ విధానం తెచ్చినప్పుడు చూపంతా నదికి దూరంగా రెండు చెరువులు కట్టుకునే పద్ధతి మీదే ఉంది. ఒకసారి నింపితే ఆ నీళ్లే పైకీ కిందికీ తిరుగుతాయి, ఆవిరైనంత పోసుకుంటే చాలు. ఆ నెలలోనే అదానీ సంస్థకు పెదకోట, కురుకుట్టి, కర్రివలస, గండికోటల్లో 3,700 మెగావాట్లకు ఆమోదం దొరికింది. రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో సొంతంగా తలపెట్టిన 1,350 మెగావాట్ల ఎగువ సీలేరు ప్లాంటుకు పై నీళ్లు గుంటవాడలో, కింది నీళ్లు డొంకరాయిలో. రెండూ మన చేతిలోవే. ప్రభుత్వం మారి 2024 అక్టోబర్‌లో కొత్త క్లీన్ ఎనర్జీ విధానం వచ్చినా ఈ దారి మారలేదు.

పొరుగు రాష్ట్రంతో పేచీ అలా తప్పింది. కానీ ఆ జాబితాలో గండికోట తప్ప మిగతావన్నీ గిరిజనుల కొండలు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం గిరిజనులకు రక్షణ ఇచ్చిన చోట, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పింది. ఆ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పెసా చట్టం గ్రామసభను అడగమంటుంది. నదిలో చుక్క ముట్టుకోం, కాలుష్యం ఉండదు అన్నది కంపెనీల మాట. అది నిజమే అనుకుందాం. కొండవాళ్లు అడుగుతున్నది నది గురించి కాదు. మనం వాగు అనేదాన్ని వాళ్లు గెడ్డ అంటారు. కొండ మీది ఊటలు కలిసి పారేది. తాగేదీ, వరి మడికి మళ్లించుకునేదీ, కాఫీ పళ్లు కడిగేదీ ఆ నీళ్లే. పైచెరువును మొదటిసారి నింపే ఏడాది ఆ గెడ్డలో నీళ్లు ఎవరివన్నది వాళ్ల ప్రశ్న.