గ్యాస్ గోలీ గ్యాస్‌కి కాదు

"అన్నా, గ్యాస్ గోలీ ఒకటియ్యి." పొద్దున్నే మందుల షాపు షట్టర్ ఎత్తగానే మొదటి బేరం ఇదే. వాళ్ళడిగేది పాంటాప్రజోల్. డాక్టర్ చీటీ ఉందా అంటే మొహం మాడ్చుకుంటారు.

అపోహ: ఆ గోలీ వేసుకుంటే ఉబ్బరం దిగుతుంది.
వాస్తవం: అది తగ్గించేది యాసిడ్‌ని. గాలిబుడగల్ని చితక్కొట్టేది సిమెథికోన్, అది వేరే మందు.

అపోహ: మంట మొదలయ్యాక వేసుకుంటే చాలు.
వాస్తవం: ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. గోలీ పైపూత యాసిడ్‌కి కరగదు, చిన్నపేగు చేరాకే విడుతుంది (అందుకే నలిపి వేసుకోకూడదు). అక్కణ్ణుంచి రక్తంలో కలిసి, మళ్ళీ జీర్ణాశయం గోడకి వస్తుంది. ఆ గోడలోని కణాల్లో యాసిడ్‌ని బయటికి తోసే పంపులుంటాయి. మందు పట్టుకునేది పనిలో ఉన్న పంపుల్నే, అవి పనిలోకి దిగేది మనం తిన్నప్పుడు. రక్తంలో మందు నిలిచేదేమో కొద్ది గంటలే. కాబట్టి టిఫినుకి అరగంట, గంట ముందు వేసుకోవాలి. ఒక్క రోజులో పంపులన్నీ చిక్కవు, పూర్తి గుణం కనబడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

వెంటనే ఉపశమనం కావాలంటే యాంటాసిడ్ సిరప్. ఉన్న యాసిడ్‌ని అక్కడికక్కడే విరిచేస్తుంది, కాసేపే. అందులోని అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది, మెగ్నీషియం విరేచనం చేస్తుంది, అందుకే రెండూ కలిపి పోస్తారు. థైరాయిడ్ గోలీకి, దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి.

అపోహ: కారం తింటే అల్సర్ వస్తుంది.
వాస్తవం: మిరపకాయ మంట పెంచొచ్చు గానీ పుండు చేయదు. పుండుకి ముఖ్య కారణాలు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, నొప్పి మాత్రలు. 1984లో ఎవరూ నమ్మకపోతే ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ ఆ బాక్టీరియాని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈ క్రిమికి యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా వాడాలి. మంట తగ్గిందని మధ్యలో ఆపేసేవాళ్ళే నా దగ్గరికి మళ్ళీ వస్తుంటారు.

అపోహ: గ్యాస్ గోలీ ఏళ్ళ తరబడి వాడినా ఏం కాదు.
వాస్తవం: బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. ఒక్కసారిగా ఆపితే మంట ఇంకా ఎగదన్నుతుంది, అప్పుడు "చూశావా, గోలీ లేకపోతే బతకలేను" అంటారు. డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం ఈ గ్యాస్ గోలీని సొంతంగా మానొద్దు.

చెమటలు పట్టి, ఛాతీ బిగిసి, చెయ్యి లాగుతోందంటూ గ్యాస్ గోలీ అడిగితే నేనివ్వను. ముందు 108కి ఫోన్ చేస్తాను.