చెప్పిందే చెబితే చాదస్తమేనా?

వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మూతబడి ఏళ్లయింది. అందులో పనిచేసిన ముసలాయనను ఇప్పుడు కదిపినా షిఫ్టుల సంగతి, తోటి కార్మికుల పేర్లు నిన్న జరిగినట్టే చెబుతాడు. పొద్దున బీపీ గోలి వేసుకున్నావా అంటే మాత్రం "యాదికొస్తలేదు బిడ్డా" అంటాడు. ఇంట్లోవాళ్లు చాదస్తం అని కొట్టిపారేస్తారు.

ఒకప్పుడు డాక్టర్లలోనూ చాలామందిది ఇదే అభిప్రాయం. దాన్ని 1963లో అమెరికా సైకియాట్రిస్టు రాబర్ట్ బట్లర్ గట్టిగా కాదన్నాడు. పాత రోజులు తవ్వుకోవడం బుద్ధి మందగించడం కాదు, బతికిన బతుకును లెక్క చూసుకోవడం అన్నాడు. ఆ లెక్క కొందరికి నెమ్మదినిస్తుందనీ, కొందరిని పశ్చాత్తాపంలోకి, దిగులులోకి నెడుతుందనీ కూడా చెప్పాడు. ఆ రెండో మాటను మనం పట్టించుకోం.

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు దాకా జరిగినవే పెద్దవాళ్లకు ఎక్కువగా గుర్తుంటాయని 1986లో మనస్తత్వవేత్త డేవిడ్ రూబిన్ బృందం చూపింది. 1969 తెలంగాణ ఉద్యమంలో ఊరేగింపులకు వెళ్లిన కాలేజీ పిల్లలకు ఇప్పుడు 75 అటూ ఇటూ. వాళ్ల ముచ్చట్లు అక్కడికే ఎందుకు తిరుగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. 2003లో మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్సన్ బృందం మనసుకు నచ్చేవీ, బాధపెట్టేవీ ఫొటోలు చూపించి పరీక్షిస్తే, కుర్రవాళ్లతో పోలిస్తే వృద్ధుల జ్ఞాపకంలో బాధపెట్టే బొమ్మల వాటా తగ్గింది. మిగిలిన కాలం తక్కువని తెలిసినప్పుడు మనసు నెమ్మదినిచ్చేవాటినే ఏరుకుంటుందని ఆమె వివరణ.

ఇవన్నీ అమెరికాలో తేలిన విషయాలు. మన ఊళ్లలో చిక్కు, మరుపు జబ్బా కాదా అని తేల్చే పరీక్ష దగ్గరే మొదలవుతుంది. 1975లో వచ్చిన, నేటికీ వాడే జ్ఞాపకశక్తి పరీక్షలో తేదీ చెప్పాలి, వాక్యం రాయాలి. బడి మొహం చూడని అవ్వ ఇందులో తప్పితే అది జబ్బెలా అవుతుంది? అందుకే 1995లో హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల కోసం, చదువురానివాళ్లకు సరిపడేలా మేరీ గంగూలీ బృందం ఈ పరీక్షను హిందీలో మార్చింది. 2017-18లో 45 ఏళ్లు దాటిన 72,000 మందికి పైగా జనంతో దేశవ్యాప్త సర్వే జరిగింది. దానికి అనుబంధంగా చేసిన అధ్యయనం 60 దాటినవాళ్లలో డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, సుమారు 7.4 శాతమని అంచనా వేసింది. అంటే పెద్దవాళ్లలో చాలామందికి ఆ జబ్బు లేదు.

మరి ఆ జబ్బు లేకుండానే మరిచిపోయేవాళ్లకు ఏముంది? కొందరిలో డిప్రెషన్. అది మతిమరుపు వేషంలో వస్తుందని 1961లోనే సైకియాట్రిస్టు లెస్లీ కైలో రాశాడు. కొడుకులు దుబాయ్‌లో, తల్లి జగిత్యాల పల్లెలో ఒంటరిగా ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. ఆమెకు నిద్ర పట్టదు, తిండి సహించదు. "సోయి ఉంటలేదు" అని ఆమె అంటే వయసు మీద పడిందంటాం. డిప్రెషన్‌కు చికిత్స ఉంది. థైరాయిడ్ సమస్య, విటమిన్ బి12 లోపం, వాడే మందులు కూడా మరుపు తెస్తాయి కాబట్టి వాటినీ చూపించుకోవాలి. వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ 14567, మనసు బాగాలేనప్పుడు టెలిమానస్ 14416 ఉచిత నంబర్లు.