పాత విండోస్ ఉంచాలా, తీసేయాలా: షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

వైజాగ్ డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ సర్వీసు షాపు పెట్టి 18 ఏళ్ళయింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసినప్పటి నుంచి, సీపీయూ చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "దీన్ని ఉంచమంటారా, తీసేయమంటారా?" సిస్టమ్ వయసు చూసి నేను జవాబు చెప్పను. దానికి నెట్ ఉందా, దాన్లో ఏం దాచుకున్నారు అని ముందు అడుగుతాను. సగం మంది ఈ రెండూ ఎప్పుడూ ఆలోచించి ఉండరు.

అపోహ: సపోర్ట్ ఆగితే కంప్యూటర్ ఆగిపోతుంది.

ఆగదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్ట్ పోయింది. రెండూ మా వీధిలో ఈరోజుకీ నడుస్తున్నాయి. ఆగేది రిపేరు. ప్రతి నెలా రెండో మంగళవారం, మనకైతే ఆ రాత్రి, మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతుంది. ఇక మీదట అవి పాతదానికి మామూలుగా రావు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విండోస్ 10లోనూ 11లోనూ ఉమ్మడిగా ఉన్న కోడ్ చాలా ఎక్కువ. 11లో ఒక కన్నం పూడ్చారంటే, ఆ అప్‌డేట్‌ని విప్పి చూసినవాడికి 10లో అదే కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే కొత్తదానికి వచ్చే ప్రతి మరమ్మతూ పాతదాని అడ్రసు బయటపెడుతుంది. అందుకే "ఈ నెల ఏమీ కాలేదుగా" అన్నది లెక్కలోకి రాదు. నెలలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతూ ఉంటుంది.

అపోహ: మా దగ్గర దోచుకోడానికి ఏముందండీ?

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. 2017 మే 12న, ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చింది. అది ఎవరినీ ఏరుకోలేదు. విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే ఎస్ఎంబీ అనే పద్ధతిలో ఉన్న లోపాన్ని పట్టుకుని, ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి తనంతట తానే పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. ఆ లోపానికి మందు మార్చి 14నే వచ్చింది, అంటే దాదాపు రెండు నెలల ముందే. ఎక్కువగా పోయినవి ఎక్స్‌పీలు కావు, విండోస్ 7లు. అప్పటికి దానికి సపోర్ట్ ఉంది. అప్‌డేట్ వేసుకోలేదు, అంతే. కాబట్టి కొత్త విండోస్ వేసుకుని అప్‌డేట్లు ఆపేసుకునేవాళ్ళకీ ఈ మాట వర్తిస్తుంది.

గాజువాకలో టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అకౌంట్లు రాసే ఒకాయన సంగతి చెప్తాను. కోవిడ్ రోజుల్లో ఇంటి నుంచి పని చేసుకోడానికి ఆఫీసులోని విండోస్ 7 సిస్టమ్‌కి రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచే సిస్టమ్ నడిపే ఏర్పాటు, పెట్టించుకున్నారు. పెట్టినవాడు రౌటర్లో దారి నేరుగా తెరిచేశాడు. పాస్‌వర్డ్ చాలా తేలికైనది. 2021లో ఒక సోమవారం పొద్దున్నే ఫోన్: "తమ్ముడూ, టాలీ తెరుచుకోవట్లేదు. ఫైళ్ళ పేర్లన్నీ మారిపోయాయి." వెళ్ళి చూస్తే ప్రతి ఫైలు చివరా ఏవో అక్షరాలు, ప్రతి ఫోల్డర్లో డబ్బు అడుగుతూ ఒక నోట్. బ్యాకప్ ఉందా అన్నాను. ఉందన్నారు, సీపీయూ వెనక్కి చెయ్యి చూపించారు. హార్డ్ డిస్క్ ఎప్పుడూ అక్కడే గుచ్చి ఉంటుంది. దాన్లో కూడా అవే అక్షరాలు. 20వ తారీఖు జీఎస్టీ రిటర్నులు దగ్గరపడ్డాయి. ఆయన, భార్య, ఇద్దరు కుర్రాళ్ళు బిల్లుల కట్టలు విప్పుకుని మొదటి నుంచి ఎంట్రీలు కొట్టారు. ఆయన దగ్గర దోచుకునేదేమీ లేదన్నది నిజమే. ఆ ఫైళ్ళు ఆయనకి తప్ప ఎవరికీ పనికిరావు. దొంగకి అదే కావాలి, వాటి కోసం ఆయనే డబ్బు కడతారని. అప్పటి నుంచి ఎవరికైనా ఒకటే చెబుతున్నాను: బ్యాకప్ అయిపోగానే డిస్క్ పీకి బీరువాలో పెట్టండి.

అపోహ: యాంటీవైరస్ ఉంది కదా, చాలు.

విండోస్ 10లో డిఫెండర్‌కి వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబర్ వరకు వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మంచిదే. కానీ అది తెలిసిన దొంగల ఫోటోలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే వాచ్‌మన్ లాంటిది. గోడకి పడిన కన్నాన్ని వాచ్‌మన్ పూడ్చడు. ఇక క్రాక్ చేసిన విండోస్ అయితే, ఆ క్రాక్ వేసేటప్పుడు మీరే యాంటీవైరస్ ఆపేసి ఉంటారు. దాని మీద నేనింకేం మాట్లాడను.

అపోహ: పాతదే ఫాస్ట్, కొత్తది వేస్తే నత్తలా నడుస్తుంది.

నత్తలా నడిపించేది చాలావరకు హార్డ్ డిస్క్. అది తీసి ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేస్తే, పారేద్దామనుకున్న సిస్టమే మళ్ళీ ముద్దొస్తుంది. 32 బిట్ ఎక్స్‌పీ 4 జీబీ పూర్తిగా కూడా వాడుకోలేదు. పైగా క్రోమ్ 2023లోనే విండోస్ 7ని వదిలేసింది. అందులో ఉన్న 109 వెర్షన్‌తోనే బ్యాంకు సైట్లు తెరుస్తున్నారంటే నాకు టెన్షన్.

అపోహ: కొత్త విండోస్ కావాలంటే కొత్త కంప్యూటర్ కొనాల్సిందే.

కొందరికి నిజం, కొందరికి కాదు. విండోస్ 11 టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు అడుగుతుంది. ఇంటెల్ అయితే చాలావరకు 8వ జనరేషన్, ఆపై ప్రాసెసర్ ఉండాలి. "మీ పీసీకి అర్హత లేదు" అని చూపించగానే నిరాశపడి వచ్చేస్తారు. చాలాసార్లు టీపీఎం ఉండే ఉంటుంది, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. ఆన్ చేస్తే సరి. మొన్న ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారికి అలాగే ఐదు నిమిషాల్లో తేలిపోయింది. కొత్తది కొనడానికి ఆయన అప్పటికే అబ్బాయిని డబ్బు అడిగేశారట.

అర్హత నిజంగానే లేకపోతే ఇంట్లో వాడుకునే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఇది గడువు మాత్రమే, పరిష్కారం కాదు. నెట్ చూడడం, మెయిల్, పిల్లల చదువు వరకే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇస్తున్నాను. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. టాలీ మీద బతికేవాళ్ళకి మాత్రం అది వద్దంటాను. అలవాటైన పని మధ్యలో ఆగిపోతుంది.

అపోహ: పాతది ఏదైనా సరే, తీసి పారేయాల్సిందే.

ఇది నాబోటి టెక్నీషియన్లలో ఉన్న అపోహ. అల్లిపురంలో ఒక డీటీపీ షాపు పెద్దాయన ఇప్పటికీ ఎక్స్‌పీ మీదే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో శుభలేఖలు కంపోజ్ చేస్తారు. పేజ్‌మేకర్‌కి 7 తర్వాత వెర్షనే రాలేదు. ఆయన పాత ఫైళ్ళన్నీ యూనికోడ్ (ఇప్పుడు అన్ని సిస్టమ్‌లూ చదివే అక్షరాల పద్ధతి) కాని అక్షరాల్లో ఉన్నాయి. ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. "ఏటి బాబూ, నా చెయ్యి తీసేసి పని చెయ్యమంటావా?" అన్నారు. ఆయన మాట నిజం. అలాంటి మెషీన్‌ని తీయించకూడదు, వేరుగా పెట్టించాలి.

ఆయన ఎక్స్‌పీకి లాన్ వైరు పీకేసి, వైఫై డాంగిల్ తీసేశాను. పెన్‌డ్రైవ్ పెట్టగానే దాన్లోది దానంతటదే నడిచే ఆటోరన్ ఆపాను. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్ దాన్లో పెట్టకూడదని గట్టిగా చెప్పాను. 2008లో వచ్చిన కాన్ఫికర్ వైరస్ అలా పెన్‌డ్రైవ్‌ల మీద కూడా ఊరేగింది. కస్టమర్ ఫైలు ముందు పక్కన ఉన్న కొత్త సిస్టమ్‌లో తెరుస్తారు, వాట్సాప్, మెయిల్ అన్నీ అందులోనే. రెండిటి మధ్యా తిరగడానికి షాపు సొంత పెన్‌డ్రైవ్ ఒకటే, ఎర్ర దారం కట్టింది. ప్రూఫ్ పీడీఎఫ్ అయి బయటికి వస్తుంది. నెట్‌కి తగిలే పని ఏదీ పాతదాని మీద జరగదు. ఎక్స్‌రే, ల్యాబ్ మెషీన్లకి అతుక్కుని ఉన్న పాత సిస్టమ్‌లకీ ఇదే ఏర్పాటు.

ఇలా ఉంచుకునేవాళ్ళు వైరస్ కంటే వైజాగ్ గాలికి ఎక్కువ భయపడాలి. ఉప్పు తేమకి ర్యామ్ కాళ్ళు నల్లబడతాయి. రబ్బరుతో మెల్లగా రుద్ది పెడితే మళ్ళీ ఆన్ అవుతుంది, కానీ బోర్డు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? అందుకే హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసి రెండు చోట్ల పెట్టించాను, ఒకటి షాపులో, ఒకటి వాళ్ళింట్లో. అదే మోడల్ మదర్‌బోర్డు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొని అటక మీద పెట్టుకోమన్నాను. పోయిన నెల దొరికింది. సిలికా జెల్ పొట్లాలతో పాటు కవర్లో చుట్టి, మీద తేదీ రాసి పెట్టుకున్నారు.