ఉడకబెట్టిన గుడ్డు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో కేటరింగ్ చేస్తాను. భోజనాల ఆర్డర్లలో పప్పు తర్వాత ఎక్కువగా అడిగేది గుడ్డు కూరే. గుడ్డు ఉడకబెట్టడంలో ఏముంది అనేవాళ్ళ ఇళ్ళలోనే గుంటలు పడ్డ తెల్లసొన కనబడుతుంది. తప్పు వాళ్ళ చేతిది కాదు, విన్న మాటలది.

అపోహ: గుడ్డు ఎంత తాజాదైతే అంత బాగా ఉడుకుతుంది.

ఆమ్లెట్‌కి నిజమే. ఉడకబెట్టడానికి మాత్రం నాలుగైదు రోజులు నిలవున్న గుడ్డే మేలు. కొత్త గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది పెంకులోని సన్నటి రంధ్రాల్లోంచి బయటికి పోయి, తెల్లసొన పి.హెచ్. (ఆమ్ల, క్షార గుణాల కొలత; పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ) 8 దగ్గర్నుంచి 9 దాటుతుంది. పి.హెచ్. తక్కువగా ఉన్న తెల్లసొన పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే పెంకు తీస్తుంటే తెల్లసొన కూడా పెచ్చులుపెచ్చులుగా ఊడొస్తుంది. కార్తీక పౌర్ణమి మర్నాడు ఒడియావాళ్ళకి ఛాడఖాయి. నెలంతా నియమం పాటించినవాళ్ళు ఆ రోజు మాంసం, గుడ్డు వండుకుంటారు. ఆ ఆర్డర్లకి గుడ్లు ముందే తెప్పించి ఉంచుతాను. ఊళ్ళోంచి పొద్దున్నే వచ్చిన నాటుకోడి గుడ్లు కూడా కొన్నాళ్ళు ఆపి ఉడకబెట్టండి.

అపోహ: నీళ్ళలో ఉప్పు వేస్తే పెంకు సులువుగా వస్తుంది.

చిట్లిన గుడ్డులోంచి కారే సొన త్వరగా గడ్డకట్టడానికి ఉప్పు కొంత పనికొస్తుంది, అంతే. చన్నీళ్ళలో గుడ్లు వేసి పొయ్యి మీద పెడితే తెల్లసొన మెల్లగా వేడెక్కుతూ పొరకు అతుక్కుపోతుంది. నీళ్ళు మరిగాక వేస్తే అంచు సొన ఒక్కసారిగా గట్టిపడి పొరను వదిలేస్తుంది. చిల్లుల గరిటెతో ఒక్కొక్కటీ నెమ్మదిగా దించి, మంట కాస్త తగ్గించండి. మామూలు ఫారం గుడ్డుకి 11 నిమిషాలు, బాతు గుడ్డుకి ఇంకో రెండు మూడు. ఇది రాయగడ లెక్క. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఒక నిమిషం ఎక్కువ ఇవ్వాలి. మంట పెంచితే గ్యాస్ ఖర్చవుతుంది గానీ, మరిగే నీళ్ళ వేడి పెరగదు.

అపోహ: పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ చార వస్తే గుడ్డు పాడైనట్టే.

కాదు, ఎక్కువసేపు ఉడికింది. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొన వేడికి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ కలిస్తే ఆ రంగు వస్తుంది. తిన్నా ఏమీ కాదు, కాకపోతే వాసన, రుచి చెడతాయి. పొయ్యి కట్టేసి గుడ్లను వేడినీళ్ళలోనే వదిలేస్తే లోపల ఉడుకుతూనే ఉంటాయి. వెంటనే నీళ్ళు వంచేసి చల్లటి నీళ్ళు పోయండి, అవి గోరువెచ్చనైతే మళ్ళీ మార్చండి. ఐస్ దొరికితే మరీ మంచిది. పూర్తిగా చల్లారాక వెడల్పు కొనవైపు కొట్టండి. అక్కడ గాలి గది ఉంటుంది కాబట్టి బొటనవేలు పొర కిందికి సులువుగా దూరుతుంది. పొర చేతికి చిక్కిందంటే పెంకు దానివెంటే వచ్చేస్తుంది. గుడ్డును నీళ్ళలో ముంచి ఒలిస్తే ఇంకా తేలిక.

ఆ పొరను చూసే కొందరు 'ప్లాస్టిక్ గుడ్డు' అని ఫోన్లలో వీడియోలు తిప్పి పిల్లల్ని భయపెడుతున్నారు. ప్రతి గుడ్డుకీ ఉండే పొరే అది. దయచేసి ఆ మాట నమ్మి పిల్లలకి గుడ్డు మాన్పించకండి.

అపోహ: పచ్చిగుడ్డులో బలం ఎక్కువ.

పచ్చిగా తాగితే అందులోని ప్రొటీన్‌లో సుమారు సగమే ఒంటికి పడుతుంది, ఉడికిస్తే 90 శాతం దాకా. కడుపు పాడుచేసే సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం కూడా ఉండదు.

గోధుమరంగు పెంకుకి బలం ఎక్కువన్నదీ ఉత్తిదే, అది కోడి జాతిని బట్టి వచ్చే రంగు. నీళ్ళలో తేలిన గుడ్డు పాతదే గానీ, పాడైందో లేదో గిన్నెలో కొట్టి వాసన చూస్తేనే తెలుస్తుంది.

ఉడకబెట్టిన గుడ్లు మిగిలితే రెండు గంటల్లోపు పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టండి, వారంలోగా తినొచ్చు. ఒలిచినవి ఆ రోజే కూరలో వేసేయండి.